రెల్లు మొలచిన నేల

శరత్కాలమున గోదావరి లంకలలో తెల్లని చామరములవలె ఊగు రెల్లుపూవులను చూచి సంతసింపని తెలుగువారుండరు. రెల్లు మన పేదయింటికి కప్పు. వరదకు కోసికొనిపోవు ఒడ్డునకు కట్టుత్రాడు. కాని యీ గడ్డియే బుందేల్‌ఖండమునందును, సాగరు, దమోహ్, భోపాల్ ప్రాంతముల నల్లరేగడి నేలలందును కృషీవలునకు పరమశత్రువై లక్షల యెకరముల సాగుభూమిని పాడుపెట్టినది. అచ్చటివారు దీనిని కాంస్ అందురు. దానిపై యంత్రములు దండెత్తిన చరిత్రము మనకును పాఠము చెప్పగలదు.

రెల్లులో పైకి కనబడునది కొంచెము. బలమంతయు నేలలోపల నున్నది. మట్టిలో వలవలె అల్లుకొనిపోవు దాని దుంపకాడలు కణుపు కణుపునకు మొలకెత్తగలవు. ఎడ్లు లాగు కొయ్యనాగలి కొన్ని యంగుళములకంటె లోతునకు దిగదు. అది పైకాడలను తునుకలు చేసి విడుచును. తునుక తునుకయు క్రొత్త దుబ్బగును. అరకొరగా దున్నిన రైతు తన పగవానికి తానే నారు పోసినవాడగును.

అయినను పూర్వులు ఉపాయము తెలియనివారు కారు. ఏటేట తప్పక దున్ని విత్తిన చేనిలో రెల్లు పాతుకొనుట అరుదు. జబల్పూరు ప్రాంతమున పొలము చుట్టును కట్టలు పోసి, వానకాలమంతయు నీరు నిలిపి, పిదప ఆ నీటిని విడిచి గోధుమ చల్లు నాచారము కలదు. ఆ నిలువనీటిలో కలుపు చచ్చును. కావున రెల్లు వ్యాపించెననగా మనుష్యుడు చేను విడిచెనని యర్థము.

ఏల విడిచెను? 1857వ సంవత్సరపు యుద్ధములో బుందేల్‌ఖండము చితికిపోయెను. వెనువెంట 1868-69 కఱవు వచ్చెను. శిస్తునకై అప్పు, అప్పునకై పొలము పోవుచుండెను. అప్పులలో మునిగిన భూస్వాములను కాపాడుటకు 1882లో ఝాన్సీ ప్రాంతమునకు ఒక చట్టమును, వ్యవసాయకుల భూములు వడ్డీవ్యాపారుల పాలుగాకుండుటకు 1903లో బుందేల్‌ఖండమునకు మఱియొక చట్టమును ప్రభుత్వము చేయవలసివచ్చెననిన, రైతు దుఃస్థితిని వేఱుగా వర్ణింపనక్కఱలేదు. ఈ రెంటి నడుమ, 1893 మొదలుకొని అతివృష్టిచేతను త్రుప్పుతెగులుచేతను గోధుమ వరుసగా చెడెను. 1896-97లో క్షామము విరుచుకొనిపడెను. పశువులు చచ్చెను, జనులు వలసపోయిరి. బీడుపడిన చేనిలో రెల్లు కాలూనెను. తిరిగివచ్చిన రైతునకు బక్కయెడ్లతో దానిని పెల్లగించు శక్తి లేకపోయెను. దున్నలేక బీడు, బీడుపడుటచే రెల్లు, రెల్లుచే పేదఱికము, పేదఱికముచే మఱల బీడు. ఇట్లు చక్రము తిరిగెను.

1942లో బర్మా బియ్యము నిలిచిపోయెను. 1943లో వంగదేశమున లక్షలాది జనులు ఆకలితో మడిసిరి. 1947లో దేశవిభజనముతో పడమటి పంజాబు కాలువభూములు మన సరిహద్దునకు ఆవల నయ్యెను. తిండికై విదేశములవైపు చూడవలసిన ఆ దినములలో ఈ బీడుభూములు పాలకుల కంటబడెను. కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ట్రాక్టరుసంస్థ నొకదానిని నెలకొల్పి, రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప అమెరికాసేన యిచ్చట విడిచిపోయిన యంత్రములతో పనికి దిగెను. అవి చాలకపోగా 1949 సెప్టెంబరులో ప్రపంచబ్యాంకు వ్యవసాయయంత్రములకై కోటి డాలర్లు అప్పిచ్చుటకు ఒప్పుకొనెను. ఆ బ్యాంకు మనకిచ్చిన అప్పులలో రెండవది రెల్లును పెకలించుటకై వచ్చినదనిన నమ్మ శక్యమా? మొదటిది రైళ్లకు.

చక్రములకు మాఱుగా ఇనుపపట్టాలపై నడచు ఆ భారీట్రాక్టర్లు వేసవిలో, ఎండి బిగిసిన నేలను అడుగులోతునకు దున్ని తిరుగవేసెడివి. ఇందొక సూక్ష్మము కలదు. రెల్లును చంపునది యంత్రము కాదు, ఎండ. యంత్రము దుంపలను వెలికితీసి సూర్యునకు అప్పగించును. ఆలస్యముచేసి వానలలో దున్నినచో ఆ దుంపలే మఱల చిగిర్చును.

అంతటితో జయము కలిగెనా? దున్నిన పొలము పెద్దపెద్ద పెళ్లలతో నుండును. వానిని చితుకగొట్టవలెను, మిగిలిన దుబ్బులను ఏరవలెను, కట్టలు పోయవలెను, వచ్చు ఏడును, ఆపై ఏడును విడువక దున్నవలెను. ఇందులకు ఎడ్లు, విత్తనము, చేబదులు సొమ్ము కావలెను. పైగా యంత్రముతో దున్నినందుకు కూలి రైతు చెల్లింపవలసియుండెను. చేతిలో సత్తువగల రైతు ఈ మేలును నిలుపుకొనగలడు. లేనివాని చేనిలో గట్టున మిగిలిన దుబ్బు మెల్లగా నడిమికి నడచివచ్చును. యంత్రమే సర్వమును చేయుననువారును, యంత్రమేల యనువారును సత్యములో సగమే చూచుచున్నారు. ఎడ్లకు సాధ్యము కానిది యంత్రము చేసెను. యంత్రమునకు సాధ్యము కానిది కాపురమున్న రైతు చేయవలెను.

మఱియొక విశేషము. కోయంబత్తూరులో బార్బరు, వేంకటరామన్ అను శాస్త్రజ్ఞులు 1912లో ఈ రెల్లునే మేలిజాతి చెఱకుతో సంకరపఱచిరి. అందుండి పుట్టిన కో 205 అను చెఱకు ఉత్తరదేశపు చలిని, నీటియెద్దడిని తట్టుకొనెను. చేనిని మ్రింగిన మొండితనమే చెఱకునకు ప్రాణబలమయ్యెను. కావున దోషము గడ్డిది కాదు. నేలను దిక్కులేనిదానిగా విడిచిన మన వ్యవస్థది.

నేడు మన తెలుగుసీమలలోను బీడులను సర్కారుతుమ్మ కమ్ముకొనుచున్నది. దానిని తొలగించుటకు భారీయంత్రములు వచ్చుచున్నవి. మొదలు మిగిలెనా, తుమ్మ మఱల చిగిర్చును. యంత్రమునకు గంటల లెక్కన సొమ్ము చెల్లించుటకు ముందు ప్రతిగృహస్థుడును ప్రశ్నించుకొనవలసిన దొక్కటే: వచ్చు ఏడు ఈ చేనిని దున్నువా డెవడు? వానికి భూమిపై హక్కును, చేతిలో పెట్టుబడియు కలవా? ఈ ప్రశ్నకు సమాధానము లేనిచోట ఎంత గొప్ప యంత్రము తెచ్చినను, మనము చేయునది తరువాతి పొదకు నేల చదునుచేయుటయే.