లైకా ఎందుకు ఇంటికి రాలేదు?

పిల్లల అంతరిక్ష కథల్లో ఒక రూలు ఉంటుంది, గమనించారా? కుర్రాడూ కుక్కా కలిసి రాకెట్టెక్కుతారు, ఇద్దరూ క్షేమంగా దిగుతారు. కుర్ర విలేకరి టిన్‌టిన్ చంద్రుడి మీదికెళ్ళిన కథ 1953, 54ల్లో రెండు పుస్తకాలుగా వచ్చింది. అందులో కుక్కకి కూడా కొలతకి తగ్గ స్పేస్ సూటు ఉంది, అది భద్రంగా తిరిగొస్తుంది కూడా. తర్వాత మూడేళ్ళకి నిజం కుక్క వెళ్ళింది. అది రాలేదు.

లైకా మాస్కో వీధికుక్క. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మా కొత్తపల్లెలో అరుగుల కింద పడుకునే కుక్కల్లాంటిదే. చలికీ ఆకలికీ తట్టుకుని బతికినవైతే గట్టిగా ఉంటాయని అక్కడి శాస్త్రవేత్తలు కావాలనే వీధికుక్కల్ని ఎంచుకున్నారు.

ఇక్కణ్ణించి కథ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అర్థమవుతుంది. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్-1 సూపర్ హిట్టయింది. నవంబర్ 7కి రష్యా విప్లవానికి 40 ఏళ్ళు. ఆలోగా ఇంకో ఘనకార్యం కావాలన్నాడు క్రుశ్చేవ్. చేతిలో నెలరోజులు కూడా సరిగ్గా లేవు. కక్ష్యలోంచి తిరిగి దింపే ఏర్పాటు అప్పటికి తయారవలేదు. అయినా డెడ్‌లైన్ కదలదు కదా, అది లేకుండానే రిలీజ్ చేసేశారు.

ప్రయోగానికి ముందు యజ్దోవ్‌స్కీ అనే డాక్టరు లైకాని తన ఇంటికి తీసుకెళ్ళి పిల్లలతో ఆడుకోనిచ్చాడు. పిల్లలూ, పెంపుడు జంతువూ, అంతరిక్షం కలిసిన అసలు కథ నా దృష్టిలో ఇదే. నవంబర్ 3న పంపారు. లోపల వేడెక్కిపోయి కొన్ని గంటల్లోనే చనిపోయింది. లోకానికి మాత్రం కొన్ని రోజులు బతికిందనే చెప్పారు. నిజం 2002లో గానీ బయటపడలేదు. 45 ఏళ్ళు!

1960 ఆగస్టులో బెల్కా, స్త్రెల్కా అనే కుక్కలు వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చాయి. స్త్రెల్కాకి పుట్టిన పుషింకా 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కూతురు కారొలైన్‌కి కానుకగా వెళ్ళింది. ఆ పాప పుట్టింది 1957 నవంబర్ 27న. అప్పటికి లైకా కళేబరం ఇంకా భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది. 1962లో రష్యాలో 'త్యాపా, బోర్కా, రాకెట్టు' అని పిల్లల నవలే వచ్చేసింది. కుక్క, కుర్రాడు, రాకెట్టు, మూడూ పేరులోనే ఉన్నాయి!

రష్యా పిల్లల పుస్తకాలు తెలుగులో విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి, మనలో చాలామంది వాటితోనే పెరిగాం. వాటిమీద నాకేం కోపం లేదు. కథలో కుక్కని ఇంటికి తెస్తే తప్పేం కాదు, తేవాలి కూడా. కానీ చరిత్ర చెప్పేటప్పుడు పిల్లలకి లైకా సంగతి దాచకూడదంటాను. లైకాకి శిక్షణ ఇచ్చిన గజెంకోనే 1998లో అన్నాడు, ఆ ప్రాణానికి తగినంత మేం నేర్చుకోలేదని. ఆయన ఒప్పుకోగలిగింది మనం చెప్పలేమా?

మన ఇస్రో గగన్‌యాన్ కోసం జంతువుల జోలికి పోకుండా వ్యోమమిత్ర అనే రోబోని తయారుచేసి 2020లో చూపించింది. ఆ నిర్ణయం ఎందుకు మంచిదో పిల్లలకి అర్థం కావాలంటే, ముందు లైకా కథ తెలియాలి.