తమ్మగింజలో నికెల్

జీవరసాయన చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఊరు అమెరికాలోని ఇథకా. న్యూయార్క్ రాష్ట్రంలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్న చలి ఊరు అది. ఎంజైమ్ అంటే ప్రొటీనేనని తొలిసారి తేలింది అక్కడే. ఆ ప్రొటీన్‌లో ఉన్న లోహం మాత్రం 49 ఏళ్లపాటు ఎవరి కంటా పడలేదు. ఈ రెండో సంగతిని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నేల రసాయనం పాఠాలు చెప్పుకుంటూ వచ్చిన నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

ఆ ఎంజైమ్ పేరు యూరియేజ్. యూరియాను నీటితో విడగొట్టి అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చడం దాని పని. తెల్లవారుజామున పశువుల పాకలో ముక్కుకు తగిలే ఘాటు దాని చలవే. చేలో పైపైన చల్లి వదిలేసిన యూరియా అమ్మోనియా అయి గాలిలో కలిసిపోయేదీ దానివల్లే. వేసిన వెంటనే మట్టిలో కలపమని రైతుకు చెప్పేది అందుకే. యూరియేజ్ తాకకపోతే యూరియా నీళ్లలో ఏళ్లతరబడి అలాగే ఉంటుంది. మా పిల్లల చేత నానబెట్టిన ఉలవలు రుబ్బించి, ఆ నీళ్లు వడగట్టించి, పసుపు కలిపిన యూరియా నీళ్లలో పోయించేవాణ్ణి. కాసేపటికి పచ్చటి నీళ్లు దిష్టి తీసే ఎర్రనీళ్లలా మారేవి. అక్కడ సున్నం చేసే పని ఇక్కడ అమ్మోనియా చేస్తుంది.

ఇథకాలో దీని వెంటపడినవాడు జేమ్స్ సమ్నర్. పుట్టుకతో ఎడమచేతివాటం. 17 ఏళ్లప్పుడు వేటలో తోటివాడి తుపాకీ గుండు తగిలి ఆ ఎడమ చెయ్యే మోచేతి కింద నుంచి పోయింది. కుడిచేత్తో అన్నీ నేర్చుకున్నాడు, టెన్నిస్ సహా. హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్ దగ్గరికి వెళితే, ఒంటిచేత్తో రసాయనశాస్త్రం సాగదు, లా చదువుకోమన్నాడాయన. సమ్నర్ వినలేదు. 1914లో ఆయన దగ్గరే డాక్టరేట్ తీసుకున్నాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించింది కూడా ఫోలిన్ నడిపిన ఆ విభాగం నుంచే.

సమ్నర్ 1917లో పని మొదలుపెట్టాడు. మన తమ్మకాయ జాతికి చెందిన జాక్‌బీన్ గింజల్లో యూరియేజ్ దండిగా ఉంటుందని వాటిని ఎంచుకున్నాడు. ప్రయోగశాలలో ఐసుపెట్టె కూడా లేదు. పిండిలోంచి ఆల్కహాల్‌తో తీసిన రసాన్ని పొడుగు గాజుపాత్రల్లో పోసి కిటికీ అంచుల మీద పెట్టి, చలి బాగా పడితే చాలని కోరుకునేవారు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. 1926లో ఆల్కహాల్ మాని ఎసిటోన్ వాడాడు. వడగట్టిన రసాన్ని రాత్రంతా చల్లటి చోట ఉంచి, మర్నాడు ఒక్క బొట్టు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే, ఎనిమిది ముఖాల సన్నటి స్ఫటికాలు! వాటిని కరిగించి చూస్తే యూరియేజ్ బలంగా పనిచేసింది. భార్యకు ఫోన్ చేసి, మొట్టమొదటి ఎంజైమ్ స్ఫటికాన్ని తయారుచేశానని చెప్పాడు.

ఆ స్ఫటికాలు ప్రొటీనే కాబట్టి ఎంజైమ్ అంటే ప్రొటీనేనన్న సమ్నర్ మాటను జర్మనీలో రిచర్డ్ విల్‌స్టాటర్ ఒప్పుకోలేదు. అప్పటికే నోబెల్ అందుకున్న పెద్దమనిషి. ఎంజైమ్‌లో పనిచేసేది ఏదో చిన్న పదార్థమనీ, ప్రొటీన్ దాన్ని మోసేది మాత్రమేననీ ఆయన వాదం. 1930లో జాన్ నార్త్రప్ పెప్సిన్ అనే మరో ఎంజైమ్‌ను స్ఫటికంగా తీశాక గాని గాలి సమ్నర్ వైపు తిరగలేదు. 1946లో నార్త్రప్, స్టాన్లీలతో పాటు ఆయనకూ నోబెల్ వచ్చింది.

నికెల్ కనబడకపోవడానికి ఈ తగువే సగం కారణమని నా నమ్మకం. ప్రొటీనే సర్వమని నిలబెట్టాల్సివచ్చిన మనిషి, అందులో ప్రొటీన్ కానిది ఇంకేదో ఉందేమోనని ఎలా వెతుకుతాడు? పైగా నికెల్‌తో జీవానికి పని ఉంటుందని ఆ రోజుల్లో అనుకున్నవారు అరుదు. 1955లో సమ్నర్ కన్నుమూశాడు. మరో 20 ఏళ్లకు, 1975లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డిక్సన్, గజోలా, బ్లేక్లీ, జెర్నర్ అవే గింజల నుంచి తీసిన యూరియేజ్‌లో నికెల్ ఉందని చూపించారు. నికెల్‌తో పనిచేసే ఎంజైమ్ అంటూ ఒకటి దొరకడం అదే మొదలు.

తర్వాతి రెండు అడుగులు మళ్లీ ఇథకాలోనే పడ్డాయి. నికెల్ అందకుండా పెంచిన సోయా మొక్కల ఆకు కొనల్లో యూరియా పేరుకుని అవి మాడిపోతాయని 1983లో అక్కడి పరిశోధకులు చూపారు. 1995లో కార్నెల్‌లో ఆండ్రూ కార్ప్లస్ బృందం ఒక బ్యాక్టీరియా యూరియేజ్ లోపలి రూపాన్ని బయటపెట్టింది. పక్కపక్కనే రెండు నికెల్ అయాన్లు. వాటిని కలిపి పట్టుకున్నది బొగ్గుపులుసు వాయువు అతుక్కున్న లైసిన్ అనే అమైనో ఆమ్లం. యూరియా వచ్చి ఆ నికెళ్ల దగ్గర చిక్కుతుంది, వాటినే అంటిపెట్టుకున్న నీరు దాన్ని విరగ్గొడుతుంది. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరి అంత ఆమ్లంలోనూ బతికేది ఈ ఎంజైమ్ ఇచ్చే అమ్మోనియా అండతోనే.

సమ్నర్ చూసిన ఆ జాక్‌బీన్ యూరియేజ్ పూర్తి రూపం మాత్రం 2010 దాకా తెలియలేదు. దాన్ని తేల్చినవారు మద్రాసు విశ్వవిద్యాలయంలోని బాలసుబ్రమణియన్, పొన్నురాజ్. ఎంజైమ్‌ల పాఠం చెప్పే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: 1926 దగ్గర ఆగిపోకండి, బ్రిస్బేన్ పేరూ మద్రాసు పేరూ కూడా పిల్లలకు చెప్పండి.