సీ వ్యూ నర్సులు: క్షయ చరిత్రలో ఆలస్యంగా చేరిన అధ్యాయం

క్షయవ్యాధి చరిత్ర చెప్పేవారు సాధారణంగా రెండు ఘట్టాల దగ్గర ఆగుతారు. మొదటిది 1882లో రాబర్ట్ కాక్ క్షయక్రిమిని గుర్తించడం. రెండవది 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేయడం. ఈ రెండింటి నడుమ అరవై ఏళ్ళు గడిచాయి. రోగకారణం తెలిసింది, మందు మాత్రం లేదు. అంతకాలం రోగి మంచం పక్కన నిలిచినవారెవరు? మరియా స్మిలియోస్ 2023లో వెలువరించిన ‘ది బ్లాక్ ఏంజెల్స్’ అన్న గ్రంథం ఈ ప్రశ్నకు న్యూయార్క్ నగరం నుంచి ఒక సమాధానం చెబుతుంది.

మందు లేని రోజుల్లో చికిత్స అంటే పరిచర్యే. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, స్వచ్ఛమైన గాలి ఇవే శానటోరియం సూత్రాలు. శానటోరియం అనగానే తెలుగువారికి 1915లో మదనపల్లె చెంత వెలసిన ఆరోగ్యవరం స్ఫురిస్తుంది. ఏ దేశంలోనైనా అక్కడి నర్సు దినచర్య ఒక్కటే. కఫం పట్టిన గిన్నెలను తీసి శుద్ధి చేయాలి. పూటపూటా జ్వరం చూసి పట్టికలో నమోదు చేయాలి. రక్తం కక్కుతున్న రోగిని పట్టుకుని ధైర్యం చెప్పాలి. ఊపిరితిత్తిని కుదించడానికి పక్కటెముకలు తొలగించిన రోగికి కట్లు మార్చాలి. వీటిలో ఏ పనీ దూరాన నిలబడి చేసేది కాదు. రోగి దగ్గిన గాలినే నర్సూ పీల్చాలి.

అందుకు చెల్లించిన మూల్యం ఎంతో ఓస్లో నగరంలో తేటతెల్లమైంది. అక్కడి ఉల్లెవోల్ ఆసుపత్రి వైద్యుడు యోహన్నెస్ హైమ్‌బెక్ 1924 నుంచి నర్సింగు విద్యార్థినులకు ట్యుబర్కులిన్ పరీక్ష చేస్తూ వచ్చాడు. చేరేనాటికి వారిలో దాదాపు సగం మందికి క్షయక్రిమి సోకి ఉండలేదు. శిక్షణ ముగిసేసరికి ఇంచుమించు అందరికీ సోకింది. సోకకుండా వచ్చినవారిలోనే జబ్బుపడినవారు ఎక్కువ. ఆసుపత్రి నుంచే వ్యాధి అంటుతున్నదన్న విషయం ఈ విధంగా నర్సుల శరీరాల మీదుగానే వైద్యశాస్త్రానికి తెలిసింది.

న్యూయార్కులో స్టాటెన్ దీవి కొండమీద 1913లో నగరపాలక సంస్థ క్షయరోగులకోసం సీ వ్యూ ఆసుపత్రిని తెరిచింది. రోగులు ఎక్కువగా నగరంలోని పేదలు, వలస వచ్చినవారు. 1929 నాటికి అక్కడి శ్వేతజాతి నర్సులు ఒకరి వెనుక ఒకరు ఉద్యోగం వదలసాగారు. వారికి వ్యాధిభయం ఉంది, వెళ్ళడానికి వేరే కొలువులూ ఉన్నాయి. ఆ ఖాళీలు నింపడానికి అధికారులు దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి యువతులను పిలిచారు. అక్కడ వర్ణవివక్ష చట్టాలు చదువుకీ, కొలువుకీ అడ్డుకట్ట వేశాయి. న్యూయార్కులోనూ చాలా ఆసుపత్రుల తలుపులు వారికి మూసే ఉండేవి. హార్లెమ్‌లో శిక్షణ, జీతం, వసతి అన్న మాట ఆ పరిస్థితిలో పెద్ద ఆశ. ప్రాణాపాయం ఉన్న కొలువు కనుకనే అది వారిదాకా వచ్చింది. స్మిలియోస్ గ్రంథానికి ఈ చేదునిజమే వెన్నెముక.

జార్జియా రాష్ట్రంలోని సవన్నా నుంచి వచ్చిన ఎడ్నా సటన్ సీ వ్యూలో శస్త్రచికిత్స విభాగంలో పనిచేసింది. ఆమె మేనకోడలు వర్జీనియా ఆలెన్ 1947లో పదహారేళ్ళ వయసులో డెట్రాయిట్ నుంచి వచ్చి పిల్లల వార్డులో సహాయకురాలిగా చేరింది. రోగులు వీరిని నల్లని దేవదూతలని పిలుచుకున్నారు. అక్కడి గాలిలో పనిచేసినవారికి ఆ పేరు బిరుదే గాని, రక్షణ కాదు.

1951లో సీ వ్యూ వైద్యులు ఎడ్వర్డ్ రాబిట్జెక్, ఇర్వింగ్ సెలికాఫ్ ఐసోనియజిడ్ జాతి మందులను పరీక్షించడం మొదలుపెట్టారు. ఐసోనియజిడ్ కొత్త పదార్థం కాదు. 1912లోనే ప్రాగ్‌లో తయారైనా, దాని గుణం ఎవరికీ తెలియలేదు. ఆశ వదులుకున్న రోగులకు ఆకలి పుట్టింది, జ్వరం తగ్గింది, బరువు పెరిగింది. 1952 ఫిబ్రవరిలో ఆ వార్త పత్రికలకెక్కింది. చరిత్ర ఇద్దరు వైద్యుల పేర్లను నిలుపుకుంది. కాని ఏ రోగి ఎంత తిన్నాడు, ఎవరి జ్వరం ఏ పూట దిగింది అన్నవి మంచం పక్కన నిలిచి గమనించి వ్రాసేవారు లేకుండా తెలిసే విషయాలు కావు. పరిచర్యను సేవ అని పొగడడం తేలిక. దానిని జ్ఞానంగా లెక్కించడానికే లోకం వెనుకాడింది.

పరిశోధనకు తోడు వర్జీనియా ఆలెన్, ఇతర నర్సుల కుటుంబాల జ్ఞాపకాలు ఈ పుస్తకానికి ఆధారం. కథనం నవలలా సాగుతుంది. చదివించే గుణం అదే. ఆధారం ఎక్కడ ముగిసిందో, ఊహ ఎక్కడ మొదలైందో పాఠకుడు ఒకింత జాగ్రత్తగా చూసుకోవలసింది కూడా అక్కడే. అయినా కాగితంమీద మిగలని జీవితాలను మాట నుంచి రాబట్టడానికి ఇంతకంటే వేరు దారి ఉన్నట్టు లేదు.

సీ వ్యూలో నిగ్గుతేలిన ఐసోనియజిడ్ కథ మద్రాసులో మరో మలుపు తిరిగింది. 1956లో అక్కడ నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, 193 మంది రోగులలో కొందరిని శానటోరియంలోను, కొందరిని ఇంటివద్దను ఉంచి ఏడాదిపాటు ఐసోనియజిడ్, పాస్ మందులు ఇచ్చింది. ఇరుకు ఇళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా ఇంచుమించు శానటోరియం రోగులతో సమానంగానే కోలుకున్నారని 1959లో ఫలితాలు వెల్లడించాయి. అయితే పరిచర్య అనవసరమని తేలిందా? లేదు. మందు మింగారో లేదో కనుక్కోవడానికి చెప్పకుండా ఇంటికి వెళ్ళి మాత్రలు లెక్కపెట్టవలసి వచ్చింది, మూత్రపరీక్ష చేయవలసి వచ్చింది. జ్వరం తగ్గగానే మందు మానేసే మనిషిని ఏడాదిపాటు నిలబెట్టడం మాత్రవల్ల అయ్యే పని కాదు. పరిచర్య మంచం పక్కనుంచి గుమ్మం దగ్గరికి జరిగింది, అంతే.

రోగులు తగ్గడంతో సీ వ్యూ క్షయ ఆసుపత్రి 1961లో మూతపడింది. తమ కొలువే అక్కరలేని రోజు రావడానికి పాటుపడిన ఉద్యోగులు చరిత్రలో అరుదు. నాటి నర్సుల వసతిగృహం తరువాత వృద్ధుల నివాసమైంది. వర్జీనియా ఆలెన్ మళ్ళీ అక్కడికే నివాసానికి వచ్చింది.

క్షయ నేటికీ ప్రపంచంలో ఏటా పది లక్షలమందికి పైగా బలిగొంటున్నది. 2020లో కోవిడ్ వార్డులలోకి అడుగుపెట్టిన నర్సులకు లోకం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగిన తరువాత వారి పేర్లు ఎవరు వ్రాసిపెడతారన్నది, ఈ పుస్తకం మూసిన తరువాత కూడా మిగిలే ప్రశ్న.