బాంద్రా తీరంలో కూలిన ‘ఎంపరర్ అశోక’

గల్ఫ్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది బొంబాయిలోనే విమానం ఎక్కారు. 1978 జనవరి 1 రాత్రి అక్కడి నుంచి దుబాయ్‌కి బయల్దేరిన ఎయిరిండియా జంబో విమానం ‘ఎంపరర్ అశోక’ మాత్రం రెండు నిమిషాలు కూడా ఎగరలేదు. 101 సెకన్లకే బాంద్రా దగ్గర సముద్రంలో పడింది. సిబ్బందితో కలిపి 213 మంది. ఒక్కరూ మిగల్లేదు.

బాంబు పేలిందని మొదట చాలామంది అనుకున్నారు. చెడిపోయింది ఓ చిన్న పరికరం. విమానం ఏ పక్కకు ఎంత ఒరిగిందో చూపేది అదే. కుడికి తిరిగిన విమానం మళ్లీ సమంగా నిలిచాక కూడా కెప్టెన్ ముందున్న పరికరం కుడికే ఒరిగినట్టు చూపింది. దాదాపు 18 వేల గంటలు విమానాలు నడిపిన మనిషి ఆయన. అయినా దాన్నే నమ్మి ఎడమకు తిప్పారు, ఇంకా తిప్పారు. పగలైతే కిటికీలోంచి చూసినా తెలిసేది. ఆ చీకట్లో సముద్రమేదో ఆకాశమేదో తెలియదు. దాన్ని నమ్మొద్దని ఫ్లయిట్ ఇంజనీరు చెప్పనే చెప్పాడు. అప్పటికే చేయి దాటిపోయింది.

మిగతా పరికరాలు చూసి విమానాన్ని అదుపులోకి తెచ్చుకోలేకపోయారని విచారణ తేల్చింది. బాధిత కుటుంబాలు అమెరికాలో తయారీ కంపెనీలపై దావా వేశాయి. 1985లో అక్కడి జడ్జి కంపెనీల నిర్లక్ష్యం లేదని తీర్పు చెప్పారు.