కూర్మన్నపాలెం ఇళ్లలో తుఫాను కాలపు ఇన్వర్టరు

మంచు దేశాల గృహస్థులకు మంచు తొలగించే యంత్రం ఎటువంటిదో, విశాఖ ఉక్కు కర్మాగారపు వాకిట ఉన్న కూర్మన్నపాలెం వంటి తీరప్రాంతాలకు ఇన్వర్టరు, అనగా బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును గృహోపకరణాలకు పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చే సాధనం, అటువంటిది. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసం-ఆమ్ల బ్యాటరీ నేటికీ అనేక ఇళ్లలో దీనికి ఆధారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటి, విద్యుత్ స్తంభాలను కూల్చి, నగరాన్ని రోజుల తరబడి చీకటిలో ముంచినప్పుడు, కొద్ది గంటల కోతకు ఉద్దేశించిన ఈ ఏర్పాటుకు గల పరిమితి స్పష్టమైంది. ఎందుకంటే బ్యాటరీ ఛార్జింగుకూ ఆగిపోయిన ఆ విద్యుత్ సరఫరాయే మూలం. అయినప్పటికీ, స్వేదనజలం, అనగా ఆవిరిని చల్లార్చి తీసిన లవణరహిత జలం, మట్టం తగ్గకుండా పోస్తూ, కొనలపై పట్టిన చిలుమును తుడుస్తూ ఉంటే బ్యాటరీ అక్కరకు వస్తుంది. కనుక తుఫానుల కాలమైన అక్టోబరుకు ముందే దానిని పరీక్షించుకోవడం గృహస్థుల బాధ్యత.