రెండు లైసెన్సుల నడుమ ఒక మంచం: అమెరికాలో చివరి రోజుల సంరక్షణపై సింహావలోకనం

రాత్రి రెండు గంటల వేళ నొప్పి లేస్తుంది. మందు తాళం వేసిన అల్మరాలో ఉంది. ఆ పూట డ్యూటీలో ఉన్న అమ్మాయి సహాయకురాలే తప్ప నర్సు కాదు. నర్సు వేరే సంస్థ మనిషి. ఫోనుకు దొరుకుతుంది కానీ రావడానికి సమయం పడుతుంది. మరి ఆ మార్ఫిన్ చుక్కలు నాలుక కింద ఎవరు వేయాలి?

అమెరికాలో అసిస్టెడ్ లివింగ్ (సాయం అందే వృద్ధుల నివాసం) గదుల్లో చివరి రోజులు గడిపేవారి చుట్టూ అల్లుకున్న చట్టాలు, లైసెన్సులు, తనిఖీలు అన్నీ ఈ ప్రశ్నకే జవాబు చెప్పాలి. అరవై ఏళ్లుగా ఆ జవాబును ముక్కలు ముక్కలుగా రాస్తూ వచ్చారు. అది ఇప్పటికీ పూర్తి కాలేదు. కథ మొదలైంది మాత్రం రెండు వేర్వేరు చోట్ల.

మొదటిది లండన్. సిసిలీ సాండర్స్ నర్సుగా, ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తర్వాత వైద్యం చదివారు. నొప్పి వచ్చాక రోగి బతిమాలుకుంటే మందివ్వడం తప్పని, అది రాకముందే వేళ ప్రకారం ఇవ్వాలని ఆమె చెప్పారు. 1967లో, చివరి దశ రోగుల కోసం నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌లో దాన్ని చేసి చూపించారు. 1963లోనే యేల్‌లో ఆమె ప్రసంగం విని కదిలిపోయిన నర్సింగ్ స్కూలు డీన్ ఫ్లోరెన్స్ వాల్డ్ తన పదవి వదులుకుని ఈ పనిలోకి దిగారు. 1974లో కనెక్టికట్‌లో ఇళ్లకు వెళ్లి సేవ చేసే హాస్పిస్ మొదలైంది. ఎనిమిదేళ్లకు, 1982లో, అమెరికన్ కాంగ్రెస్ హాస్పిస్‌ను మెడికేర్‌లో, అంటే వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమాలో, చేర్చింది. మరుసటి ఏడాది నవంబరు నుంచి అది అమలైంది. జబ్బు తన దారిన నడిస్తే ఆయుష్షు ఆరు నెలలకు మించదని వైద్యులు ధ్రువీకరించాలి. ఆ జబ్బును నయం చేసే చికిత్స వద్దని రోగి సంతకం చేయాలి. హాస్పిస్ సంస్థకు రోజుకింత అని సొమ్ము అందుతుంది. ఆ సేవలో ప్రధానమైన రకానికి ఇంటి సంరక్షణ అని పేరు పెట్టారు. మనిషి నివసించే చోటే ఇల్లు అన్న అర్థంలోంచి తర్వాతి కథ అంతా పుట్టింది.

రెండోది ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్. కెరెన్ బ్రౌన్ విల్సన్‌కు పందొమ్మిదేళ్లున్నప్పుడు ఆమె తల్లి పక్షవాతం వచ్చి నర్సింగ్ హోమ్ పాలైంది. చిన్న వంటగది, సొంత స్నానాల గది, లోపల గడియ పెట్టుకునే తలుపు ఉంటే చాలన్నది ఆ తల్లి కోరిక. దాన్ని మనసులో పెట్టుకుని విల్సన్ 1983లో పార్క్ ప్లేస్ అనే 112 గదుల భవనం తెరిచారు. అక్కడ ఉండేవారు రోగులు కారు, అద్దెదారులు. సాయం కావలసినప్పుడే వస్తుంది, తలుపు తాళం మాత్రం వాళ్ల చేతిలోనే ఉంటుంది. అసిస్టెడ్ లివింగ్‌కు అదే నమూనా అయింది. హాస్పిస్ చట్టం అమలైన ఏడాదే ఈ భవనమూ తెరుచుకోవడం యాదృచ్ఛికమే. కానీ రెండూ ఒకే మంచం దగ్గర కలుసుకోక తప్పలేదు.

కలుసుకునే నాటికి దారులు విడిపోయి ఉన్నాయి. నర్సింగ్ హోమ్‌ల దుస్థితి బయటపడ్డాక 1987లో ఫెడరల్ ప్రభుత్వం వాటికి గట్టి చట్టం తెచ్చింది. అసిస్టెడ్ లివింగ్‌లో ఎక్కువ మంది సొంత డబ్బు చెల్లిస్తారు కాబట్టి దాన్ని రాష్ట్రాలకే వదిలేసింది. యాభై రాష్ట్రాలు యాభై రకాలుగా రాసుకున్నాయి. నిరంతర నర్సింగ్ అవసరమైతే మనిషి ఖాళీ చేయాలన్నది చాలా చోట్ల తొలి సూత్రం. అంటే బలం ఉన్నన్నాళ్లే అది ఇల్లు. ప్రాణం పోయే ముందు అక్కణ్నుంచి కదలాలి.

ఆ క్రూరత్వాన్ని రాష్ట్రాలు నెమ్మదిగా సవరించుకున్నాయి. ఫ్లోరిడాలో లైసెన్సు ఉన్న హాస్పిస్ అదనపు సేవ అందిస్తూ, నివాసీ, భవన యాజమాన్యం ఇద్దరూ ఒప్పుకుంటే, అవసాన దశలో ఉన్న మనిషి తన గదిలోనే ఉండిపోవచ్చు. కాలిఫోర్నియా నియమాలు ఇంకా వివరమైనవి. అక్కడ ఈ ఇళ్లను పర్యవేక్షించేది సామాజిక సేవల శాఖ. హాస్పిస్ రోగిని ఉంచుకోవాలంటే ముందు ఆ శాఖ మినహాయింపు పొందాలి. హాస్పిస్ సంస్థతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఏ పని నర్సుది, ఏ పని ఇంటి సిబ్బందిది, వాళ్లకు ఎవరు శిక్షణ ఇవ్వాలి అన్నవి సంరక్షణ ప్రణాళికలో ఉండాలి. చివరి క్షణాల చికిత్స గురించిన పత్రంపై ముందే సంతకాలు పూర్తయి, కనిపిస్తున్నవి ఊహించిన మరణ లక్షణాలే అయితే, అత్యవసర నంబరు 911కు బదులు హాస్పిస్‌కు ఫోన్ చేయవచ్చు. సైరన్లూ ఛాతీ నొక్కుళ్లూ లేకుండా ఒక మనిషి ప్రశాంతంగా కన్నుమూయడానికి ఈ నియమం ఎంత అవసరమో, చివరి ఘడియల్లో పక్కన కూర్చున్న వాళ్లకు తెలుస్తుంది.

ఫెడరల్ నియమావళి మాత్రం ఈ గడప దగ్గరే ఆగిపోయింది. 2008లో హాస్పిస్ నిబంధనలను తిరగరాసినప్పుడు, నర్సింగ్ హోమ్‌లో సేవ చేయాలంటే రాత ఒప్పందం, ఉమ్మడి ప్రణాళిక ఉండాలన్నారు. 2013లో నర్సింగ్ హోమ్‌ల వైపు నుంచీ అలాంటి బాధ్యతే పెట్టారు. రెండు చేతులూ కలిపినట్టయింది. ఆ జతలో అసిస్టెడ్ లివింగ్ లేదు. అక్కడ హాస్పిస్ లైసెన్సు ఒకరిది, భవనం లైసెన్సు ఇంకొకరిది. నడుమ మంచం మీద మనిషి.

ఆ సందులోకి డబ్బు చేరింది. 2015లో ఫెడరల్ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం విడుదల చేసిన నివేదిక ప్రకారం, అసిస్టెడ్ లివింగ్‌లో హాస్పిస్ సేవలకు మెడికేర్ 2012లో 210 కోట్ల డాలర్లు చెల్లించింది. అయిదేళ్లలో అది రెట్టింపు దాటింది. అక్కడి రోగులను వారానికి అయిదు గంటల లోపే చూసి, ఒక్కొక్కరికి దాదాపు 1,100 డాలర్లు అందుకోవడం సాధారణమైంది. అక్కడి రోగుల్లో కనిపించే మతిమరుపు జబ్బు ఆరు నెలల లెక్కకు లొంగదు, కాబట్టి ఎక్కువ రోజులు ఉన్నంత మాత్రాన మోసం అనలేం. కానీ రోజుకింత అన్న చెల్లింపు, తక్కువ పని కోరే రోగిని వెతుక్కోమని సంస్థలకు దారి చూపించింది.

సవరణలు ఒక్కొక్కటే వచ్చాయి. మూడేళ్లకొకసారైనా హాస్పిస్‌లను తనిఖీ చేయాలని 2014లో చట్టం చేశారు. 2016లో తొలి 60 రోజులకు ఎక్కువ, ఆ తర్వాత తక్కువ చెల్లించేలా రేట్లు మార్చారు. తప్పు చేసిన సంస్థలకు జరిమానా వేసే అధికారం, తనిఖీ ఫలితాలు జనానికి చూపే బాధ్యత 2020 చివర్లో ఆమోదం పొందిన చట్టంతో వచ్చాయి. కొత్త హాస్పిస్ లైసెన్సులు ఇవ్వడమే ఆపేయాల్సిన పరిస్థితి 2022లో కాలిఫోర్నియాకు ఎదురైంది. వీటిలో చాలా మటుకు ఎవరో బాధపడ్డాక రాసినవే.

ఇందులో మనకేం పని అనుకోవద్దు. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల తొలి తరం ఈ గదుల వయసుకు వచ్చింది. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు 65 ఏళ్లు నిండి, అయిదేళ్లు ఎడతెగక నివసిస్తే, నెల నెలా ప్రీమియం కట్టి మెడికేర్ పొందవచ్చు. హాస్పిస్ అందులో భాగమే. గది అద్దె, భోజనం ఖర్చు మాత్రం కుటుంబానిదే.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఒక చిన్న నియమం. అవసరమైతేనే ఇచ్చే మందు తనకు కావాలో లేదో తేల్చుకోలేని, బాధను స్పష్టంగా చెప్పలేని మనిషికి, కాలిఫోర్నియాలో ఈ ఇళ్ల సిబ్బంది ప్రతి మోతాదుకూ ముందు వైద్యుణ్ని సంప్రదించాలి. ముసలితనంలో, మతిమరుపులో, తర్వాత నేర్చిన ఇంగ్లిషు ముందు జారిపోతుంది. ఒళ్లు సలుపుతోందనీ, పోట్లు పొడుస్తున్నాయనీ, గుండెల్లో మంటగా ఉందనీ అమ్మ చక్కటి తెలుగులో స్పష్టంగానే చెబుతుంది. అర్థం చేసుకునేవాళ్లు గదిలో ఉండరు. కాగితం మీద ఆమె చెప్పలేని మనిషి అవుతుంది. రోగికి తన హక్కులను తనకు అర్థమయ్యే భాషలో చెప్పాలని ఫెడరల్ హాస్పిస్ నియమమే అంటోంది. దాన్ని పట్టుకుని అడగాలి.

చేరేటప్పుడే ఆ భవనానికి హాస్పిస్ అనుమతి ఉందా అని అడగండి. తనిఖీ నివేదికలు చదవండి. అమ్మ నొప్పికి వాడే మాటలు ఒక కాగితం మీద రాసి, పక్కన ఇంగ్లిషు అర్థం రాసి, సంరక్షణ ప్రణాళికకు జతచేయమనండి. రాత్రి రెండు గంటలకు మందు ఎవరిస్తారో ఆ ప్రణాళికలో రాసి ఉందో లేదో చూడండి. రాసి ఉంటేనే సంతకం పెట్టండి.