దూద్‌బౌలి చేప మందు, మన వాగు చేప మందు

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్‌లో అందరి నోటా చేప మందు మాటే. పాతబస్తీ దూద్‌బౌలికి చెందిన బత్తిని కుటుంబం బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఆయాసం ఉన్నవాళ్లచేత మింగిస్తుంది. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్లు చెబుతారు. చదువు కోసం ఈ నగరానికి వచ్చిన కొత్తలో ఆ మాట విని మేమూ తికమకపడ్డాం. మన పెద్దలకు చేప మందు అంటే మనుషులకు ఇచ్చేది కాదు, చేపలకు వేసేది.

ఎండాకాలం వాగు పారడం ఆగి మడుగులు మిగులుతాయి. అప్పుడు మంగకాయలు దంచి గానీ, నూనె తీయగా మిగిలిన ఇప్పపిండిని గానీ ఆ నీళ్లలో కలిపేవారు. ఇప్పపిండిలోని సపోనిన్ మొప్పల గుండా చేప రక్తంలోకి వెళ్లి ఎర్రకణాలను పగలగొడుతుంది. ఊపిరాడక చేప పైకి తేలుతుంది. దాన్ని వండుకు తిన్నవాళ్లకు హాని లేదు. మలయా అడవుల్లో డెర్రిస్ వేరుతో అక్కడి ఆదివాసులూ ఇలాగే పట్టేవారు.

హైదరాబాద్ నిజాం పాలనలో ఉన్న కాలంలోనే, 1897లో, బ్రిటిష్ ఇండియాలో చేపల చట్టం వచ్చింది. నీళ్లలో విషం కలిపి చేపలు పడితే రెండు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా. డైనమైట్ పేల్చినవాడికీ అదే శిక్ష! ఆకూ కాయా దంచినవాడూ, మందుగుండు పేల్చినవాడూ ఆ చట్టానికి ఒక్కటే.

తర్వాత అదే ఇప్పపిండి చేపల పెంపకం పాఠాల్లోకి ఎక్కింది. బొచ్చె, రవ్వ పిల్లలను వదిలేముందు చెరువులో కలుపు చేపలను చంపాలి. అందుకు మీటరు లోతున్న హెక్టారు చెరువుకు 2500 కిలోల ఇప్పపిండి వేయమంటారు. రెండు మూడు వారాల్లో విషం విరిగి, పిండి ఎరువుగా మారుతుంది. ఇంతకీ ఆ కలుపు చేపల్లో ముందు వరసలో ఉండేది ఏది? చిన్న పిల్లలను మింగేసే కొర్రమీను. దూద్‌బౌలి మందుకు కావలసిన చేపే, తెలంగాణ రాష్ట్ర చేపే, పెంపకం చెరువులో పనికిరానిది.

ఇప్పపిండి అమాయకమైనదని మేము అనం. మడుగులో పెద్ద చేపనూ పిల్లనూ అది వేరు చేయదు. కానీ ఇప్పుడు కొన్నిచోట్ల వాగుల్లో పొలం పురుగుమందు పోస్తున్నారు. అది ఎరువుగా మారదు. ఆ నీళ్లే పశువులు తాగుతాయి, కింది ఊరివాళ్లు తాగుతారు. అలా పట్టిన చేప తినడమూ ప్రమాదమే.

వేసవి సెలవులకు ఊరెళ్లినప్పుడు, ఏ చెట్టు కాయ వేసేవారో, ఏ మడుగులో వేయనిచ్చేవారు కాదో పెద్దలను అడగండి. ఆ పేర్లు మన భాషలోనే రాసుకొని మాకు పంపండి.